పాత డెస్క్‌టాప్‌లో మోడెమ్ డ్రైవర్: వేయడం కన్నా తీయడమే ఎందుకు కష్టం

డయలప్ కాలం నాటి డెస్క్‌టాప్‌ను మళ్లీ పనిలోకి తెచ్చుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పాత అకౌంట్ల సాఫ్ట్‌వేర్ దాంట్లోనే నడుస్తుందని కొందరు, ల్యాండ్‌లైన్ మీద ఫ్యాక్స్ పంపాలని కొందరు, ఆ మెషీన్ల మీద ఉన్న ఇష్టం కొద్దీ మరికొందరు. డిస్‌ప్లే, సౌండ్, ప్రింటర్ అన్నీ ఒక దారికి వచ్చాక చివరిదాకా మొండికేసేది మాత్రం ఫోన్ తీగ మీదుగా డేటా పంపే మోడెమ్. దాని డ్రైవర్ (విండోస్ ఆ పరికరాన్ని నడపడానికి వాడే సాఫ్ట్‌వేర్) వేయడం ఒక పరీక్ష అయితే, తప్పు డ్రైవర్ పడ్డాక దాన్ని పూర్తిగా వదిలించుకోవడం అంతకంటే పెద్ద పరీక్ష.

"డివైస్ మేనేజర్‌లో అన్‌ఇన్‌స్టాల్ కొట్టాను, రీస్టార్ట్ చేశాను, మళ్లీ అదే వచ్చి కూర్చుంది" అనే మాట పాత సిస్టమ్‌లు బాగుచేసే ప్రతి ఒక్కరూ వినే ఉంటారు. డివైస్ మేనేజర్ అంటే విండోస్‌లో పరికరాలన్నిటి జాబితా; అక్కడ అన్‌ఇన్‌స్టాల్ కొట్టినవాళ్లు చేసినదాంట్లో తప్పేమీ లేదు. డ్రైవర్ అంటే ఒక ఫైల్ అనీ, దాన్ని తీసేస్తే పోతుందనీ మనం అనుకుంటాం. విండోస్ మాత్రం డ్రైవర్ వేసేటప్పుడు నాలుగైదు చోట్ల రాసుకుంటుంది, మనం అన్‌ఇన్‌స్టాల్ అన్నప్పుడు వాటిలో ఒకటి రెండు చోట్ల మాత్రమే చెరుపుతుంది. మిగిలిన రాత వల్లే పాత డ్రైవర్ తిరిగొస్తుంది. ఏది ఎక్కడ రాస్తుందో తెలిస్తే, ఏది ఏ వరసలో తీయాలో దానంతటదే అర్థమవుతుంది.

కార్డులో ఎంత, డ్రైవర్‌లో ఎంత

ముందు మోడెమ్ లోపల ఏం జరుగుతుందో చూడాలి. అందులో మూడు పనులున్నాయి. మొదటిది ఫోన్ లైన్‌తో సంబంధం: లైన్ ఎత్తడం, పెట్టేయడం, రింగ్ గుర్తించడం, టెలిఫోన్ తీగలోని వోల్టేజీ కంప్యూటర్‌లోకి రాకుండా అడ్డుకోవడం. రెండోది అంకెలను శబ్దంగా, శబ్దాన్ని అంకెలుగా మార్చడం. ఇది బాగా బరువైన లెక్క. మూడోది అజమాయిషీ: కంప్యూటర్ పంపే ఏటీ కమాండ్లను అర్థం చేసుకోవడం, దారిలో పాడైన డేటాను గుర్తించి మళ్లీ అడగడం, డేటాను కుదించడం. ఈ ఏటీ కమాండ్లు 1981లో హేస్ కంపెనీ తెచ్చిన స్మార్ట్‌మోడెమ్‌తో మొదలయ్యాయి. ఇప్పటి 4జీ డాంగిల్స్‌లో కూడా వాటి వారసత్వం కనిపిస్తుంది.

బయట పెట్టుకునే సీరియల్ మోడెమ్‌లో ఈ మూడు పనులూ డబ్బా లోపలే జరుగుతాయి. దానికి సొంత ప్రాసెసర్ ఉంటుంది, సొంత మెమరీ ఉంటుంది. కంప్యూటర్ దాన్ని కామ్ పోర్ట్‌కు (సీరియల్ తీగ సాకెట్‌కు) తగిలించిన ఒక పరికరంగా చూస్తే చాలు. అందుకే దానికి వచ్చే డ్రైవర్ అన్నది నిజానికి ఒక చిన్న టెక్స్ట్ ఫైల్. ఈ మోడెమ్‌ను మొదలుపెట్టడానికి ఏ కమాండ్ పంపాలి, స్పీకర్ ఆపడానికి ఏది పంపాలి అన్న వివరాలు అందులో ఉంటాయి. డ్రైవర్ సీడీ పోయినా కంగారు లేదు. విండోస్‌లో ఉన్న జాబితా నుంచి స్టాండర్డ్ మోడెమ్ టైప్స్ కింద 56000 బీపీఎస్ మోడెమ్‌ను ఎంచుకుంటే, కొన్ని ప్రత్యేక సదుపాయాలు తప్ప మిగతాదంతా పనిచేస్తుంది.

ధర తగ్గించాలన్న పట్టుదలతో కంపెనీలు ఈ పనులను ఒక్కొక్కటిగా కార్డులోంచి తీసి కంప్యూటర్ నెత్తిన పెట్టాయి. మొదట అజమాయిషీ పనిని తీశారు. తర్వాత శబ్దం లెక్కలను కూడా తీసి పెంటియం ప్రాసెసర్‌కు అప్పగించారు. ఆఖరికి కార్డు మీద మిగిలింది ఫోన్ జాక్, లైన్‌ను అంటిపెట్టుకునే కొద్ది భాగాలు, ఒక చిన్న చిప్. వీటినే సాఫ్ట్‌మోడెమ్‌లు అంటారు. విన్‌మోడెమ్ అన్న పేరు యూఎస్ రోబోటిక్స్ కంపెనీ ట్రేడ్‌మార్కే అయినా, వాడుకలో ఈ జాతి మొత్తానికి ఆ పేరు స్థిరపడిపోయింది. 1990ల చివరి నుంచి మన ఊళ్లలో అసెంబుల్ చేయించుకున్న సిస్టమ్‌లలో పడినవి ఎక్కువగా ఇవే.

ఈ తేడా దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే మిగతా తలనొప్పులన్నీ ఇక్కడి నుంచే పుట్టుకొస్తాయి. సాఫ్ట్‌మోడెమ్‌లో డ్రైవర్ అంటే మోడెమ్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ అని అనుకోకూడదు. అక్కడ డ్రైవరే మోడెమ్. టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ మన గొంతును సెకనుకు 8,000 సార్లు కొలిచి అంకెలుగా మారుస్తుంది. ఒక్కో కొలతలో 7 బిట్లు వాడుకోగలిగితే సెకనుకు 56,000 బిట్లు. 1998లో వచ్చిన వీ.90 ప్రమాణం చెప్పే 56కే వేగం ఆ లెక్క నుంచే వచ్చింది. ఆ శబ్దాన్ని క్షణక్షణం విడదీసే పని మీ ప్రాసెసర్ మీద నడుస్తున్న డ్రైవర్ చేయాలి. సిస్టమ్ వేరే పనిలో మునిగి కొద్ది మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తే లైన్ తడబడుతుంది, ఒక్కోసారి తెగిపోతుంది. అందుకే ఇక్కడ "దాదాపు సరిపోయే డ్రైవర్" అనేది ఉండదు. బయటి మోడెమ్‌కు పనికొచ్చిన స్టాండర్డ్ డ్రైవర్‌ను సాఫ్ట్‌మోడెమ్‌కు తగిలిస్తే, కమాండ్ వినడానికి అవతల ఎవరూ ఉండరు.

పెట్టె మీద పేరు నమ్మకండి

తప్పు డ్రైవర్ పడటానికి మొదటి కారణం మోడెమ్‌ను దాని బ్రాండ్ పేరుతో వెతకడం. పెట్టె మీద పేరు కార్డు అమ్మినవాళ్లది. అదే పేరుతో, ఒక్కోసారి అదే మోడల్ పేరుతో, ఈ ఏడాది ఒక చిప్, మరుసటి ఏడాది ఇంకో చిప్ పెట్టి అమ్మినవాళ్లున్నారు. డ్రైవర్‌కు బ్రాండ్‌తో పని లేదు, చిప్‌తోనే పని.

చిప్ తన ఊరూపేరూ తానే చెబుతుంది. మదర్‌బోర్డ్ మీది పీసీఐ స్లాట్‌లో గుచ్చే కార్డు ప్రతిదానికీ తయారీదారు సంఖ్య, పరికరం సంఖ్య అని రెండు కోడ్‌లుంటాయి. విండోస్ ఎక్స్‌పీలో డివైస్ మేనేజర్ తెరిచి, పసుపు గుర్తుతో కనిపించే పీసీఐ సింపుల్ కమ్యూనికేషన్స్ కంట్రోలర్ మీద డబుల్ క్లిక్ చేసి, డీటెయిల్స్ ట్యాబ్‌కు వెళ్తే వీఈఎన్, డీఈవీ అన్న అక్షరాల పక్కన అవి కనిపిస్తాయి. 14ఎఫ్1 అంటే కోనెక్సాంట్. 11సీ1 అంటే లూసెంట్. 134డీ అంటే పీసీటెల్. 12బీ9 అంటే యూఎస్ రోబోటిక్స్, 125డీ అంటే ఈఎస్ఎస్, 1057 అంటే మోటరోలా. విండోస్ 98లో ఆ ట్యాబ్ లేదు. అక్కడ సులువైన దారి, ఏదైనా పాత లైనక్స్ లైవ్ సీడీతో బూట్ చేసి ఎల్ఎస్‌పీసీఐ కమాండ్ కొట్టడం. హార్డ్ డిస్క్‌ను ముట్టుకోకుండానే చిప్ సంగతి తెలిసిపోతుంది.

కంపెనీల పేర్లు మారడం ఇంకో చిక్కు. రాక్‌వెల్ సెమీకండక్టర్ విభాగం 1999లో విడిపోయి కోనెక్సాంట్ అయింది. లూసెంట్ చిప్‌ల విభాగం అగీర్ అయి, 2007లో ఎల్ఎస్ఐలో కలిసింది. కాబట్టి కార్డు మీద లూసెంట్ అని ఉన్నా పనికొచ్చే ఆఖరి డ్రైవర్ అగీర్ పేరుతో దొరకవచ్చు. పేరు మారినా 11సీ1 అన్న సంఖ్య మారలేదు.

అన్నిటికన్నా ఎక్కువగా మోసపోయేది ఏఎంఆర్ కార్డుల దగ్గర. మదర్‌బోర్డ్ చివర చిన్న స్లాట్‌లో బొటనవేలంత కార్డు ఉండేది, గుర్తుందా? అందులో మోడెమ్ తాలూకు సగం సరుకు మదర్‌బోర్డ్ చిప్‌సెట్‌లోనే ఉంటుంది. అందుకే డివైస్ మేనేజర్‌లో తయారీదారు సంఖ్య 8086 అని, అంటే ఇంటెల్ అని కనిపిస్తుంది. వయా చిప్‌సెట్ అయితే 1106 అని చూపిస్తుంది. దాన్ని చూసి ఇంటెల్ మోడెమ్ డ్రైవర్ వెతకడం మొదలుపెడితే ఎంతకీ దొరకదు. 8086 పక్కన 2446 అనో 24సీ6 అనో ఉంటే అది చిప్‌సెట్ లోపలి మోడెమ్ ద్వారం మాత్రమే. ఆ ద్వారం అవతల ఉన్న చిన్న కార్డు స్మార్ట్‌లింక్‌ది కావచ్చు, కోనెక్సాంట్‌ది కావచ్చు, పీసీటెల్‌ది కావచ్చు. క్యాబినెట్ విప్పి కార్డు మీద రాసింది చదవడమే నమ్మకమైన పద్ధతి. సబ్‌సిస్ అనే మూడో కోడ్ కూడా కొంత దారి చూపుతుంది.

ఆ మూడో కోడ్‌ను తేలిగ్గా తీసుకోకూడదు. చిప్ ఒకటే అయినా కార్డు తయారుచేసినవాళ్లు వేరైతే సబ్‌సిస్ మారుతుంది. "చిప్ అదే, డ్రైవర్ అదే, అయినా ఈ ఫోల్డర్‌లో మీ హార్డ్‌వేర్ వివరాలు లేవు అంటోంది" అన్న సమస్యకు చాలాసార్లు కారణం ఇదే. డ్రైవర్‌తో వచ్చే ఐఎన్ఎఫ్ ఫైల్‌ను (ఏ కోడ్‌కు ఏ డ్రైవరో రాసి ఉండే టెక్స్ట్ ఫైల్‌ను) నోట్‌ప్యాడ్‌లో తెరిచి మీ కోడ్ అందులో ఉందో లేదో వెతికితే నిమిషంలో తేలిపోతుంది. లేకపోతే అదే చిప్‌కు వచ్చిన ఇంకో తయారీదారు డ్రైవర్ చూడాలి. ఐఎన్ఎఫ్‌లో చేత్తో కోడ్ చేర్చి వేసేవాళ్లు ఉన్నారు, కొన్నిసార్లు పనిచేస్తుంది కూడా. కానీ లైన్ వైపు సర్క్యూట్ వేరుగా ఉంటే డ్రైవర్ పడినట్టే పడి డయల్ టోన్ దగ్గర ఆగిపోతుంది. అది ఆఖరి ప్రయత్నంగానే ఉండాలి.

వేసేటప్పుడు విండోస్ చేసే పని

ఐఎన్ఎఫ్ ఫైల్ ఇక్కడ పెళ్లిళ్ల పేరయ్య. ఫలానా కోడ్ ఉన్న హార్డ్‌వేర్‌కు ఫలానా డ్రైవర్ ఫైల్ అని జత కుదిర్చేది అదే. మీరు వేరే ఫోల్డర్ నుంచి డ్రైవర్ ఇస్తే, ఎక్స్‌పీ ఆ ఐఎన్ఎఫ్‌ను విండోస్ లోపలి ఐఎన్ఎఫ్ అనే ఫోల్డర్‌లోకి కాపీ చేసుకుని పేరు మార్చేస్తుంది. ఓఈఎం అన్న మూడక్షరాల తర్వాత ఒక అంకె, ఓఈఎం7, ఓఈఎం12 అలాగన్నమాట. దాని పక్కనే అదే పేరుతో పీఎన్ఎఫ్ అనే ఇంకో ఫైల్ తయారవుతుంది. అసలు డ్రైవర్, అంటే సిస్ ఫైల్, సిస్టమ్32 లోపలి డ్రైవర్స్ ఫోల్డర్‌లోకి వెళ్తుంది. విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో మూడు చోట్ల రాత పడుతుంది: ఈ స్లాట్‌లో ఈ పరికరం ఉందని ఒకటి, మోడెమ్‌ల తరగతిలో దాని సెట్టింగులు ఒకటి, ఈ డ్రైవర్‌ను లోడ్ చేయాలని ఒకటి. చివరగా ఒక కామ్ పోర్ట్ నంబరు దాని పేరిట కేటాయిస్తారు.

విండోస్ 98లో తంతు కొంచెం వేరు. డ్రైవర్లు చాలావరకు వీఎక్స్‌డీ అనే రకం ఫైళ్లు. బయటి ఐఎన్ఎఫ్‌లు ఐఎన్ఎఫ్ ఫోల్డర్ లోపల అదర్ అనే ఇంకో ఫోల్డర్‌లో పడతాయి, పేరుకు ముందు తయారీదారు పేరు చేరుతుంది. మధ్యలో విండోస్ 98 సీడీ పెట్టమని అడుగుతుంది కాబట్టి ఆ సీడీని ముందే హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకుంటే సగం విసుగు తప్పుతుంది.

పీసీఐ కార్డు అయితే సిస్టమ్ ఆఫ్ చేసి, కరెంట్ వైర్ తీసి, కార్డు గుచ్చి, మళ్లీ ఆన్ చేయాలి. కొత్త హార్డ్‌వేర్ దొరికిందన్న విజార్డ్ వస్తుంది. నెట్‌లో వెతకమని వదిలేయకుండా, డ్రైవర్ విప్పిన ఫోల్డర్‌ను మనమే చూపించాలి. జిప్ ఫైల్‌ను నేరుగా చూపిస్తే కుదరదు, విప్పాలి. సీ డ్రైవ్‌లోనే చిన్న పేరుతో ఫోల్డర్ చేసి, ఆ తర్వాత కూడా దాన్ని అక్కడే ఉంచడం మంచిది. విండోస్ లోగో పరీక్ష పాస్ కాలేదన్న హెచ్చరిక ఎక్స్‌పీలో చాలా మోడెమ్‌లకు వస్తుంది, దాన్ని దాటి వెళ్లవచ్చు. సెటప్ ప్రోగ్రామ్, ఐఎన్ఎఫ్ రెండూ ఉన్న ప్యాకేజీలో నేను ఐఎన్ఎఫ్ దారినే ఎంచుకుంటాను. సెటప్ నడిపితే డ్రైవర్‌తో పాటు టాస్క్‌బార్‌లో కూర్చునే చిన్న ప్రోగ్రామ్‌లు, ఆన్సరింగ్ మెషీన్ సాఫ్ట్‌వేర్ లాంటివి కూడా దిగిపోతాయి, తీసేటప్పుడు పని రెట్టింపవుతుంది. ఏఎంఆర్ కార్డులు, కొన్ని పీసీటెల్ మోడెమ్‌లు మాత్రం సెటప్ నడిపితేనే సరిగ్గా పడతాయి, అక్కడ పట్టుదలకు పోకూడదు.

పీసీఐకి ముందటి ఐఎస్ఏ స్లాట్ కార్డులున్న ఇంకా పాత మెషీన్లలో జంపర్ల (కార్డు మీద చేత్తో మార్చే చిన్న పిన్నుల) గొడవ ఉంటుంది. కామ్1, కామ్3 రెండూ ఐఆర్‌క్యూ 4ను (ప్రాసెసర్‌ను పిలిచే లైన్‌ను) పంచుకుంటాయి. కామ్2, కామ్4 ఐఆర్‌క్యూ 3ను పంచుకుంటాయి. కామ్1 మీద సీరియల్ మౌస్ పెట్టుకుని మోడెమ్‌ను కామ్3కి పెడితే, డయల్ చేయగానే మౌస్ బిగుసుకుపోతుంది. బయాస్‌లో వాడని కామ్2ను ఆపేసి, మోడెమ్‌ను ఆ చోటుకు మార్చడం దానికి మందు.

తీయడం: వరస తప్పితే మొదటికొస్తుంది

ఇప్పుడు అసలు సంగతి. డివైస్ మేనేజర్‌లో అన్‌ఇన్‌స్టాల్ అనగానే ఎక్స్‌పీ రిజిస్ట్రీలోని పరికరం నమోదును చెరిపేస్తుంది. ఓఈఎం ఐఎన్ఎఫ్ అక్కడే ఉంటుంది, సిస్ ఫైల్ అక్కడే ఉంటుంది. రీస్టార్ట్ అవగానే కార్డు "నేనున్నాను" అంటుంది, ఐఎన్ఎఫ్ "నా దగ్గర జత ఉంది" అంటుంది, మనల్ని ఒక్క మాట కూడా అడగకుండా పాత డ్రైవర్ మళ్లీ పడిపోతుంది. కంట్రోల్ ప్యానెల్‌లో ఫోన్ అండ్ మోడెమ్ ఆప్షన్స్‌లో రిమూవ్ నొక్కినా జరిగేది ఇదే.

కాబట్టి తీసేముందు ఏం తీయాలో రాసుకోవాలి. మోడెమ్ ప్రాపర్టీస్‌లో డ్రైవర్ ట్యాబ్‌లో డ్రైవర్ డీటెయిల్స్ నొక్కితే ఏ సిస్ ఫైళ్లు వాడుతోందో చూపిస్తుంది. ఏ ఐఎన్ఎఫ్ నుంచి పడిందో తెలుసుకోవడానికి విండోస్ ఫోల్డర్‌లోని సెటప్ఏపీఐ అనే లాగ్ ఫైల్ తెరిచి, మీ చిప్ కోడ్ కోసం వెతకండి. ఏ రోజు, ఏ ఐఎన్ఎఫ్, ఏ ఫైళ్లు అన్నీ అందులో రాసి ఉంటాయి. ఇంత ఉపయోగపడే ఫైల్ గురించి ఎక్కడా ఎక్కువగా చెప్పరు.

ఆ తర్వాత వరస ఇది. ముందు ఇంటర్నెట్ కనెక్షన్ తెంచి, ఫ్యాక్స్ ప్రోగ్రామ్ నడుస్తుంటే ఆపాలి. ఎందుకంటే మోడెమ్‌ను ఎవరో పట్టుకుని ఉంటే ఫైళ్లు వదలవు. యాడ్ ఆర్ రిమూవ్ ప్రోగ్రామ్స్‌లో మోడెమ్ పేరుతో ఏదైనా ఉంటే దాన్ని అక్కడి నుంచే ముందుగా తీసేయాలి. డ్రైవర్ ఫైళ్లను మనం చేత్తో తీసేశాక ఆ అన్‌ఇన్‌స్టాలర్ నడవకపోవచ్చు, అందుకే దానికి మొదటి అవకాశం ఇవ్వాలి. అది రీస్టార్ట్ అడిగితే కాసేపు వద్దనండి. ఇప్పుడు డివైస్ మేనేజర్‌లో మోడెమ్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేయండి. రాసుకున్న ఓఈఎం ఐఎన్ఎఫ్‌నూ, దాని జోడీ పీఎన్ఎఫ్‌నూ ఐఎన్ఎఫ్ ఫోల్డర్ నుంచి వేరే ఫోల్డర్‌లోకి తరలించండి. ఆ ఫోల్డర్ దాచి ఉంటుంది కాబట్టి ఫోల్డర్ ఆప్షన్స్‌లో దాచినవి చూపించమని పెట్టుకోవాలి. డిలీట్ చేయొద్దు, తరలించండి. ఓఈఎం నంబరు పొరపాటున ఒకటి అటూ ఇటూ అయితే అది మీ ప్రింటర్‌ది కావచ్చు, వెనక్కి పెట్టుకునే వీలుండాలి. అదే ఫోల్డర్‌లో ఎండీఎం అని మొదలయ్యే ఐఎన్ఎఫ్‌లు బోలెడు కనిపిస్తాయి. అవి విండోస్ సొంతవి, వాటి జోలికి వెళ్లాల్సిన పని లేదు.

ఆ తర్వాత రీస్టార్ట్ చేయకుండా షట్‌డౌన్ చేసి, కార్డు బయటికి తీసి, కార్డు లేకుండా ఒకసారి బూట్ చేయాలి. చాలామంది వదిలేసే మెట్టు ఇదే. కార్డు లేకుండా సిస్టమ్ లేచిందంటే మిగిలిన చెత్త ఏదో స్పష్టంగా కనిపిస్తుంది. సిస్ ఫైళ్లను కూడా ఇప్పుడు పక్కకు తరలించవచ్చు, ఎవరూ పట్టుకుని ఉండరు.

చెత్త అంటే ముఖ్యంగా దెయ్యం మోడెమ్‌లు. గతంలో ఏ స్లాట్‌లో పెడితే ఆ స్లాట్‌కు ఒక నమోదు మిగిలిపోతుంది, కార్డు లేకపోయినా. డివైస్ మేనేజర్ మామూలుగా వాటిని చూపించదు, వ్యూ మెనూలో షో హిడెన్ డివైసెస్ పెట్టినా ఎక్స్‌పీలో అన్నీ బయటపడవు. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, సెట్ కమాండ్‌తో డెవ్ఎంజీఆర్, షో, నాన్‌ప్రెజెంట్, డివైసెస్ అన్న నాలుగు మాటలను అండర్‌స్కోర్‌లతో కలిపి దాని విలువ 1 అని ఇచ్చి, అదే విండోలోంచి డివైస్ మేనేజర్‌ను తెరవాలి. అప్పుడు షో హిడెన్ డివైసెస్ పెడితే పాత మోడెమ్‌లన్నీ వెలిసిపోయిన రంగులో బారుగా కనిపిస్తాయి. ఒక్కొక్కదాన్నీ అన్‌ఇన్‌స్టాల్ చేయవచ్చు. మోడెమ్‌కు కామ్7, కామ్11 లాంటి పెద్ద నంబర్లు వస్తున్నాయంటే ఈ దెయ్యాలు కింది నంబర్లను ఆక్రమించుకుని ఉన్నాయన్నమాట. పాత ఫ్యాక్స్ ప్రోగ్రామ్‌లు కొన్ని కామ్4 దాటితే గుర్తుపట్టవు, కాబట్టి ఇది చూడటానికి బాగుండటం కోసం చేసే పని కాదు.

ఇంత చేశాకే కొత్త డ్రైవర్‌తో కార్డు మళ్లీ పెట్టాలి. మొదలుపెట్టే ముందు సిస్టమ్ రిస్టోర్‌లో ఒక పాయింట్ పెట్టుకోవడం మరవద్దు, విండోస్ మిలేనియంలోనూ ఎక్స్‌పీలోనూ ఆ సదుపాయం ఉంది. కొత్త డ్రైవర్ వేశాక నీలి తెర పడితే ఎఫ్8 నొక్కి సేఫ్ మోడ్‌లోకి వెళ్లవచ్చు. ఎక్స్‌పీలో రోల్ బ్యాక్ డ్రైవర్ అన్న బటన్ కూడా ఉంది, కానీ పాత డ్రైవరే పాడైతే అది వెనక్కి తీసుకెళ్లేది ఆ పాడైనదాని దగ్గరికే.

విండోస్ విస్టా నుంచి ఈ బాధ కొంత తగ్గింది. అన్‌ఇన్‌స్టాల్ నొక్కినప్పుడు డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌ను కూడా తొలగించు అన్న టిక్ బాక్స్ వస్తుంది. డ్రైవర్ ప్యాకేజీలన్నీ డ్రైవర్ స్టోర్ అనే ఒకే చోట ఉంటాయి, పీఎన్‌పీ యుటిల్ కమాండ్‌తో వాటి జాబితా చూసి ఓఈఎం నంబరుతో తీసేయవచ్చు. అక్కడ చేత్తో ఫైళ్లు తరలించకూడదు. కాకపోతే 64 బిట్ విండోస్‌లో పాత సాఫ్ట్‌మోడెమ్ డ్రైవర్లు అసలు పడవు. 32 బిట్ డ్రైవర్ 64 బిట్ కెర్నల్‌లోకి, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ నడిమి భాగంలోకి వెళ్లదు, పైగా డిజిటల్ సంతకం ఉండి తీరాలి.

డ్రైవర్ తప్పు లేనిచోట

ఇప్పటిదాకా చెప్పిన పనంతా చేయాలో వద్దో తేల్చే పరీక్ష ఒకటుంది, ఎక్స్‌పీలో అయితే దాన్నే మొదట చేయాలి. మోడెమ్ ప్రాపర్టీస్‌లో డయాగ్నస్టిక్స్ ట్యాబ్‌లో క్వెరీ మోడెమ్ నొక్కండి. ఏటీఐ కమాండ్లకు (మోడెమ్‌ను దాని వివరాలు అడిగేవి) వరసగా జవాబులు వస్తే డ్రైవర్ బతికే ఉంది, దాన్ని తీసి వేసినంత మాత్రాన ఏమీ మారదు. అప్పుడు వెతకాల్సింది లైన్‌ను, సెట్టింగులను. విండోస్ ఫోల్డర్‌లో మోడెమ్‌లాగ్ పేరుతో ఉండే టెక్స్ట్ ఫైల్‌లో ఏ కమాండ్ వెళ్లింది, ఏ జవాబు వచ్చింది అన్నీ సమయంతో సహా ఉంటాయి.

ఎర్రర్ నంబర్లు కూడా ఆ తేడానే చెబుతాయి. 691 అంటే యూజర్‌నేమో పాస్‌వర్డో తప్పు, మోడెమ్ అవతలి దాకా వెళ్లి మాట్లాడి వచ్చింది. 676 అంటే అవతల ఎంగేజ్. 678 అంటే అవతల నుంచి జవాబు లేదు. 680 అంటే డయల్ టోన్ వినిపించలేదు. 633 వస్తే మోడెమ్‌ను వేరే ప్రోగ్రామ్ వాడుకుంటోంది, లేదా నమోదు చెడింది, అక్కడ డ్రైవర్‌ను అనుమానించవచ్చు. 692 మోడెమ్ హార్డ్‌వేర్ లోపాన్ని చూపుతుంది.

680 గురించి రెండు మాటలు. ఆఫీసుల్లో ఈపీఏబీఎక్స్ (ఆఫీసు లోపలి ఎక్స్ఛేంజ్) వెనక ఉన్న లైన్ డయల్ టోన్ నేరుగా ఎక్స్ఛేంజ్ టోన్‌లా ఉండదు, మోడెమ్ దాన్ని టోన్‌గా గుర్తుపట్టదు. అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో అదనపు కమాండ్ల చోట ఎక్స్3 అని పెడితే టోన్ కోసం ఎదురుచూడకుండా డయల్ చేస్తుంది. బయటి లైన్‌కు 0 కొట్టాల్సి వస్తే 0 తర్వాత ఒక కామా పెట్టాలి, ఆ కామా రెండు సెకన్లు ఆగమని అర్థం. దేశం సెట్టింగ్ ఇండియాగా ఉందో లేదో కూడా చూడండి, సాఫ్ట్‌మోడెమ్‌లలో టోన్‌ను గుర్తుపట్టే లెక్క దాన్ని బట్టి మారుతుంది.

ఎక్స్3 పెట్టినా లైన్ ఎత్తిన చప్పుడే రాకపోతే, పిడుగును గుర్తు చేసుకోవాలి. తొలకరి రోజుల్లో, తుపాను ఉరుముల్లో మన జిల్లాల్లో ఎన్ని మోడెమ్‌లు పోయాయో లెక్కలేదు. ఫోన్ తీగ మీదుగా వచ్చిన దెబ్బ కార్డులో లైన్ వైపు భాగాన్ని కాల్చేస్తుంది. పీసీఐ వైపు చిప్‌కు ఏమీ కాదు. దాంతో డివైస్ మేనేజర్ "ఈ పరికరం సరిగ్గా పనిచేస్తోంది" అని చెబుతూనే ఉంటుంది, క్వెరీకి జవాబులూ వస్తాయి. ఆ మాట నమ్మి మనిషి డ్రైవర్ మీద డ్రైవర్ వేస్తూ పోతాడు. అలా విసిగిపోయినవాళ్లను చూస్తే నిజంగా బాధ కలుగుతుంది, ఎందుకంటే పరీక్ష చాలా తేలిక. అదే తీగను మామూలు ఫోన్‌కు పెట్టి టోన్ వినాలి. ఫోన్‌లో టోన్ ఉండి మోడెమ్‌కు వినపడకపోతే, తీగ ఫోన్ అన్న జాక్‌లో కాకుండా లైన్ అన్న జాక్‌లోనే ఉందని చూసుకోవాలి. అదీ సరిగ్గా ఉంటే కార్డు పోయినట్టే.

యూఎస్‌బీ, లైనక్స్, ఇప్పటి ఫోన్ లైన్

2005లో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ వచ్చాక ఇళ్లలోకి వచ్చిన ఏడీఎస్ఎల్ మోడెమ్‌లలో చాలావాటికి యూఎస్‌బీ, ఈథర్నెట్ రెండు సాకెట్లూ ఉండేవి. ఈథర్నెట్ తీగ పెడితే మోడెమ్‌కు డ్రైవరే అక్కర్లేదు, కంప్యూటర్‌లోని నెట్‌వర్క్ కార్డు చాలు. అవకాశం ఉన్నప్పుడు అదే దారి. యూఎస్‌బీయే దిక్కైతే వరస పీసీఐకి తలకిందులు: ముందు సాఫ్ట్‌వేర్, తర్వాతే తీగ. ముందు తీగ గుచ్చితే విండోస్ తెలియని పరికరంగా నమోదు చేసుకుంటుంది, ఆ నమోదును వదిలించుకోవడం మళ్లీ ఒక పని. సీరియల్ నంబరు లేని యూఎస్‌బీ పరికరాలను పోర్ట్ మార్చి పెట్టిన ప్రతిసారీ కొత్త నమోదు పడుతుంది. డేటా కార్డులు వాడినవాళ్ల సిస్టమ్‌లలో కామ్ నంబర్లు ఇరవైలు దాటడానికి కారణం అదే. ఒక పోర్ట్‌కు కట్టుబడి ఉంటే సరిపోతుంది.

లైనక్స్‌లో బయటి సీరియల్ మోడెమ్ ఏ శ్రమా లేకుండా నడుస్తుంది. సాఫ్ట్‌మోడెమ్‌ల కథ వేరు. లూసెంట్ చిప్‌లకు ఎల్‌టీమోడెమ్, స్మార్ట్‌లింక్‌కు ఎస్ఎల్‌మోడెమ్ అనే డ్రైవర్లు ఉండేవి. కోనెక్సాంట్‌కు లైనక్సాంట్ కంపెనీ డ్రైవర్ ఉండేది, ఉచితంగా వాడితే వేగం 14.4 కేబీపీఎస్ దగ్గర ఆపేసేది. ఇవన్నీ ఆనాటి కెర్నల్‌లతోనే కుదురుతాయి.

అందుకే పాత మెషీన్‌ను ఇంకా నమ్ముకున్నవాళ్లకు నా సలహా ఒకటే: సీరియల్ పోర్ట్‌కు తగిలించే హార్డ్‌వేర్ మోడెమ్ ఒకటి పాత సామాన్ల షాపులో దొరికితే వదలకండి. సాఫ్ట్‌మోడెమ్‌తోనే నడపాల్సి వస్తే పనిచేస్తున్న డ్రైవర్ ఫోల్డర్‌ను రెండు చోట్ల కాపీ చేసి పెట్టుకుని, చిప్ కోడ్‌ను కాగితం మీద రాసి క్యాబినెట్ లోపలి వైపు అంటించండి. ఆ కంపెనీల సైట్లు చాలావరకు లేవు, మళ్లీ వెతికే అవకాశం రాకపోవచ్చు.

ఇంకో విషయం కూడా చూసుకోవాలి. మీ ల్యాండ్‌లైన్ ఈమధ్య రాగి తీగ నుంచి ఫైబర్‌కు మారి ఉంటే, ఇప్పుడు గొంతు డేటా ప్యాకెట్లుగా వెళ్తోంది. మనుషుల మాటలకు అది బాగానే ఉంటుంది, మోడెమ్ శబ్దానికి మాత్రం మధ్యలో చిన్న ఖాళీ వచ్చినా లైన్ తెగిపోతుంది. డయల్ అయి, చప్పుళ్లు వినిపించి, కనెక్ట్ అయ్యే ముందు ఆగిపోతుంటే అనుమానించాల్సింది ఆ లైన్‌నే. చాలా చిప్‌లలో అదనపు కమాండ్ల చోట ప్లస్ ఎంఎస్ కమాండ్‌తో వీ.90 కన్నా నెమ్మదైన వీ.34 ప్రమాణానికో ఇంకా కిందికో వేగాన్ని కట్టేయవచ్చు. ఫ్యాక్స్‌కైతే ఫ్యాక్స్ ప్రోగ్రామ్‌లోనే వేగాన్ని 9600 బీపీఎస్‌కు తగ్గించి చూడండి.